నాలుగడుగులు

రాత్రి ఏడున్నర. బ్రాడీపేట నాలుగో లైను,
మందుల కొట్టు పైన అద్దె గది.
ఫ్యాను తిరిగినంతసేపూ బోర్డు మీది సుద్దపొడి
కిందికి దిగదు.
ఇవాళ్టి పాఠం నడక.

మనకి ఒక్క నడక చాలనుకుంటాం.
వాళ్ళకి చాలలేదు.
చెప్పులకి కొలతలిచ్చినట్టు
కాలికో మాట కుట్టించుకున్నారు.

పుస్తకంలో స్ట్రోల్ పక్కన టోపీ పెట్టుకున్న ముసలాయన,
కుక్క, చెరువు, బాతులు.
బాతుల్ని పక్కకి తోలి చెప్పాను:
జీతం పడ్డ సాయంత్రం లక్ష్మీపురం మెయిన్ రోడ్డులో
ఏమీ కొనకుండా, కొట్ల అద్దాల్లో మనల్ని మనమే చూసుకుంటూ పోతామే, అదీ.
ట్రడ్జ్ అంటే ఆఖరి బస్సు తప్పిపోయి
ఏటుకూరు దారిన, వానలో,
నల్లరేగడి అడుగడుక్కీ ఇంకో చెప్పు తొడుగుతుంటే ఇంటికి చేరడం.
షఫుల్ అంటే మా అమ్మ.
హవాయి చెప్పులు నేల వదలకుండా
పాలప్యాకెట్టు కోసం తలుపు దాకా.
లింప్ అన్నానో లేదో, నర్సింగు చదివే షంషాద్
"మా నాన్న ఆటో సార్, ముందు చక్రం" అంది.

రన్ దగ్గర క్లాసు ఆగిపోయింది.
మన గడియారం నడుస్తుంది, వాళ్ళది పరుగెడుతుంది.
మనం హోటలు నడుపుతాం, వాళ్ళు పరుగెత్తిస్తారు.
జలుబు చేస్తే వాళ్ళ ముక్కు కూడా పరుగే.
"మాదీ రోజూ పరుగేనండీ," వెనక బల్ల మీంచి ఏసుపాదం,
మిర్చి యార్డులో ముఠా కూలి,
కాటా గుమాస్తా పని ఖాళీ అయితే
బిల్లులు చదవడం రావాలని వస్తున్నాడు.
"ముక్కు ముందు పోద్ది. మేం ఆడనే ఉంటాం."

నేనూ ఊరుకోలేదు.
నడక నుంచి నడత పుట్టింది మన దగ్గరే,
కాళ్ళు చూసి గుణం చెప్పగల భాష మనది, అన్నాను.
మధ్యాహ్నమే అనుకుని పెట్టుకున్న మాట.
ఎవరూ రాసుకోలేదు.

స్టాగర్ అంటే తూలడం.
బోర్డు మీద సారా కొట్టు గీసి, ముందొక మనిషిని గీశాను,
రెండు కాళ్ళూ రెండు ఊళ్ళకి బయల్దేరినవాణ్ణి.
ఏసుపాదం చెయ్యెత్తాడు.

"తాగినోడి సంగతి సరేనండీ.
వీపు మీద టిక్కీ ఉన్నంతసేపూ మేం తూలం.
నలభై కిలోలూ మమ్మల్ని పట్టుకునుంటయ్.
దించినాక సూడండి, మొదటి నాలుగడుగులు.
నేల కిందికి జారినట్టు, ఒళ్ళు లేసిపోతన్నట్టు,
కాలెక్కడ పడాల్నో కాలికే తెలవనట్టు.
దాన్నేమంటారండీ?"

డిక్షనరీ తిరగేశాను.
రేపు చెప్తానన్నాను.
మాస్టర్లు తలదాచుకునే ఊరు రేపు.

తెల్లారి యార్డుకెళ్ళాను.
గేటు దాటకముందే నా ముక్కు పరుగందుకుంది.
ఎర్రటి గుట్టల మధ్య, తలకి తువ్వాలు చుట్టుకుని, వంగి,
ఏసుపాదం వస్తున్నాడు, సూటిగా,
గీత గీసి దాని మీద నడిచినట్టు.
దించాడు.
ఒకటి.
రెండోది కొంచెం పక్కకి.
మూడు, చెయ్యి గాల్లో లేని గోడని తడుముతూ.
నాలుగో అడుక్కి మామూలు మనిషి.
ఐదోది మళ్ళీ లారీ వైపు.

జేబులోని మాటలన్నీ ఒక్కొక్కటే తొడిగి చూశాను.
ఒకటి వదులు, ఒకటి కరుకు,
ఒకటి మరీ పడవ లాంటిది.
"తెలుగులో మీరేమంటారు?"
తుమ్ముల మధ్య అడిగాను.
"ఏమంటామండీ, అనేలోపు అయిపోద్ది."

ఆ రాత్రి అతని నోట్సులో రెండు వాక్యాలున్నాయి:
మై నోస్ ఈజ్ రన్నింగ్. ఐ యామ్ వాకింగ్.
ఎర్రపెన్ను మూత తియ్యలేదు.
బోర్డు మీద స్టాగర్ కింద, స్ట్రోల్ పైన
నాలుగు చిన్న గీతలు గీసి
ఖాళీగా వదిలేశాను.

షంషాద్ ఆ నాలుగు గీతల్నీ
స్కేలు పెట్టి మరీ ఎక్కించుకుంది.
"ఇది పరీక్షలో వస్తుందా సార్?"